సైకిలు దిగి నడిచిన మనిషి

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ అందరి పనీ ఆగిపోయిన చోట నా పని మొదలయ్యేది. రోడ్డు మీద మనిషి పడిపోయాడని కబురు రాగానే వెళ్లేవాణ్ని. బండ్లు ఎటునుంచి ఎటు వచ్చాయో కొలిచి, బొమ్మ గీసి, చూసినవాళ్ల మాటలు రాసుకుని, ఆ తర్వాత ఆ మనిషి ఇల్లు వెతుక్కుంటూ వెళ్లి తలుపు కొట్టేవాణ్ని. ట్రాఫిక్ పోలీసులో ప్రమాదాల దర్యాప్తు అంటే ఇంతే. ఎక్కువ కాలం ఉత్తర చెన్నైలోనే చేశాను. ఎస్.ఐ.గా రిటైరయ్యాను.

మాది చింతాద్రిపేట. మగ్గం పని మీద వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబం. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. తెలుగు బడిలో చదివాను కాబట్టి ఇది ఇలా రాయగలుగుతున్నాను. స్టేషనులో మాటలన్నీ తమిళంలోనే నడిచేవి, వాటిని తెలుగులో పెడుతున్నాను. తెలుగువాళ్లు మాట్లాడినవి మాత్రం వాళ్లు అన్నది అన్నట్టే రాశాను.

మా చెల్లెలి కొడుకు ఈ మధ్యే ఎస్.ఐ.గా చేరాడు. శిక్షణలో ఉండగా ఒకరోజు ఇంటికొచ్చి, "మామా, సైకిలోళ్లు ప్లాట్‌ఫారం మీద పోవాలా, రోడ్డు మీద పోవాలా? క్లాసులో అడిగినారు. తలా ఒకటి చెప్పినాం" అన్నాడు. ఫుట్‌పాత్‌ను మా ఊళ్లో ప్లాట్‌ఫారం అంటారు. నేను వాడికి ఒక్క ముక్కలో జవాబు చెప్పలేదు. మునిరత్నం సంగతి చెప్పడం మొదలుపెట్టాను. సగంలో వాడికి ఫోనొచ్చి వెళ్లిపోయాడు. మిగతాది ఇక్కడ రాస్తున్నాను. వాడికి తెలుగు చదవడం రాదు, వాళ్లమ్మ చదివి వినిపిస్తుంది.

హార్బరు రోడ్డు

వ్యాసర్పాడి నుంచి రాయపురం వైపు వెళ్లే దారి ఒకటి ఉంది. పేరు చెప్పను, ఆ పక్క దారులన్నీ ఒకేలా ఉంటాయి. ఓడరేవుకు వెళ్లే కంటైనరు లారీలు దాని మీద ఒకదాని వెనక ఒకటి నిలబడి ఉంటాయి. కదిలితే అన్నీ ఒక్కసారి కదులుతాయి. పొద్దున్నే ఆ లారీల పక్కనుంచి సైకిళ్లు పోతుంటాయి. ఐసు దించేవాళ్లు, చేపల బుట్టలు మోసేవాళ్లు, రాత్రి కాపలా ముగించుకుని ఇంటికి పోయే వాచ్‌మన్లు. వాళ్లను ఎవరూ సైక్లిస్టులు అనరు. ఆ మాట వేరే రకం మనుషులకు వాడతారు.

మునిరత్నం తెలుగువాడే. వలలు బాగుచేసేవాడు. వ్యాసర్పాడిలో రైలు పట్టాల పక్క ఇల్లు. భార్య ఇంట్లో అప్పడాలు వత్తేది. ఒక్కతే కూతురు, లత. చేపల రేవులో చిరిగిన వలలు ఇంటికి తెచ్చుకుని, అల్లి, మళ్లీ తీసుకెళ్లి ఇచ్చేవాడు. వల మూటతో బస్సు ఎక్కనివ్వరు, నీచు వాసన అంటారు. అందుకని సైకిలు. వెనక క్యారియరు మీద నైలాను వల మూట, హ్యాండిలుకు అన్నం డబ్బా. నాకు ముందు తెలిసిన మనిషి కాడు. కేసు వచ్చాకే తెలిశాడు.

కాగితం మీద లేని ఉత్తర్వు

ఒకరోజు పొద్దున పై అధికారి ఒకాయన కారు ఆ రోడ్డు మీద చాలాసేపు ఇరుక్కుపోయింది. ముందున్నది కంటైనరు లారీ. దాని ముందు ఇంకొకటి. కానీ ఆయన కిటికీలోంచి చూస్తే కనిపించింది సైకిళ్లు. మా ఇన్‌స్పెక్టరు సెల్వరాజ్‌కు ఫోను చేసి, "రద్దీ వేళల్లో సైకిళ్లు రోడ్డు మీద కనిపించకూడదు. కొత్తగా అంత వెడల్పు ప్లాట్‌ఫారం వేశారు కదా, దాని మీద పొమ్మనండి" అన్నాడు.

సెల్వరాజ్ చెడ్డవాడు కాడు. కానిస్టేబుళ్ల ఇళ్లలో పెళ్లయినా చావయినా అందరికంటే ముందు వచ్చి నిలబడేవాడు. కానీ పైనుంచి వచ్చిన మాటకు తల ఊపడం తప్ప మరో విద్య నేర్చుకోలేదు. నా సర్వీసులో చూసిన అధికారుల్లో ఎక్కువమంది ఇలాంటి మంచివాళ్లే. దుర్మార్గుడైతే ఎదిరించవచ్చు. మంచివాడు తల ఊపుతూ కూర్చుంటే ఏం చెయ్యగలం?

మర్నాటి నుంచి కూడలిలో కానిస్టేబుళ్లు విజిల్ ఊది, లాఠీ చూపించి సైకిళ్లను ప్లాట్‌ఫారం ఎక్కించారు. కొత్తగా టైల్స్ పరిచిన ప్లాట్‌ఫారం. అది ఎవరి కోసం వేశారో వాళ్లు, అంటే ముసలివాళ్లు, బడి పిల్లలు, చేతికర్రతో నడిచేవాళ్లు, అప్పుడప్పుడే ధైర్యంగా దాని మీద నడవడం మొదలుపెట్టారు.

రాజమ్మ మాట

రాజమ్మ డెబ్బై దాటిన మనిషి. మా తెలుగువాళ్లే, పాత చాకలిపేటలో కొడుకు దగ్గర ఉండేది. పొద్దున్నే ఇడ్లీ పిండి కొనడానికి వస్తుంటే వెనకనుంచి మునిరత్నం సైకిలు తగిలింది. తుంటి ఎముక విరిగింది. వాంగ్మూలం తీసుకోవడానికి నేనే ఆసుపత్రికి వెళ్లాను. కాలికి బరువు కట్టి పడుకోబెట్టారు. నేను తెలుగులో పలకరించేసరికి ఆమె ముఖం తేటపడింది.

"ఏం జరిగిందమ్మా?" అని అడిగాను.

"ఏం జరిగేది నాయనా. నా పాటికి నేను పోతా ఉండాను. ఎనకాల బెల్లు కొట్టినాడంట. నాకు సెవుడు గదా."

"వేగంగా వచ్చాడా?"

"అంత మూట పెట్టుకోని వచ్చేవోడికి వేగం ఏడనుంచి వస్తాది? ఆ అబ్బాయి మీద కేసు వద్దు. పోలీసోళ్లు తరిమితే దాన్ పైకి ఎక్కినాడంట. నన్ను ఎత్తి ఆటోలో పెట్టేటప్పుడు ఏడ్సుకుంటా చెప్పినాడు. అది కూడా రాయి."

రాశాను. సెల్వరాజ్ చదివి ఆ వాక్యం మీద వేలు పెట్టాడు.

"ఇది ఎందుకు?"

"ఆమె చెప్పింది సార్."

"సైకిలు తగిలింది, కింద పడింది. అంతవరకు చాలు కదా."

కొట్టెయ్యడం నావల్ల కాదన్నాను. ఆయన కోప్పడలేదు, వాదించలేదు. రెండు రోజుల తర్వాత ఆ కేసు ఇంకొకరి చేతికి ఇచ్చాడు. ఆ వచ్చిన ఎస్.ఐ. మళ్లీ వాంగ్మూలం తీసుకున్నాడు. అందులో ఆ వాక్యం లేదు. మంచం మీద కదలకుండా పడుకున్న ముసలివాళ్లకు ఊపిరితిత్తులు పాడవుతాయి. రాజమ్మకూ అదే అయింది. కొన్ని వారాలకు పోయింది. సైకిలు తగిలి గాయపడ్డ కేసు కాస్తా నిర్లక్ష్యంతో ప్రాణం తీసిన కేసుగా మారింది.

ఉత్తర్వు కాగితం మీద ఎప్పుడూ లేదు కాబట్టి దాన్ని రద్దు చెయ్యాల్సిన పని కూడా పడలేదు. ఒకరోజు పొద్దున అదే కానిస్టేబుళ్లు అదే లాఠీలతో సైకిళ్లను ప్లాట్‌ఫారం మీదనుంచి కిందికి దించడం మొదలుపెట్టారు. ఎందుకని ఎవరూ అడగలేదు. తొక్కేవాళ్లకు అడిగే అలవాటు లేదు.

తొక్కడం మానేశాడు

మునిరత్నం బెయిలు సంతకాల కోసం స్టేషనుకు వచ్చేవాడు. మెట్ల కింద బెంచీ మీద ఒక చివర కూర్చునేవాడు. కేసు నాది కాకపోయినా, తెలుగు మాట్లాడే మనిషినని నన్ను చూస్తే లేచి నిలబడేవాడు. ఒకరోజు టీ తెప్పించి పక్కన కూర్చున్నాను.

"నాకు శిక్ష వేస్తే వెయ్యనీ సార్" అన్నాడు. "ఆయమ్మ పడేటప్పుడు నా చెయ్యి తల కింద పెట్టినా. తలకు దెబ్బ తగల్లేదు. బతికిపోయింది అనుకున్నా."

"వాళ్లింటికి వెళ్లావా?"

"కరుమాది నాడు, పెద్ద దినానికి పోయినా. కొడుకు నన్ను చూసి తలుపు మూసుకున్నాడు. ఒక మాట కూడా అన్లేదు. నాలుగు కొట్టుంటే బాగుండు." టీ గ్లాసు బెంచీ మీద పెట్టేశాడు. "ఇంక నేను తొక్కను సార్."

"మూట ఎట్లా మరి?"

"సైకిలు మీద పెట్టుకోని నెట్టుకుంటా పోతా. నడిచేవోణ్ని ఎవరు ఏమంటారు?"

ఎడమ పక్కగా నిదానంగా తొక్కు, ఏమీ కాదు అని నేను చెప్పి చూశాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. "బ్రేకు మీద చెయ్యి పెడితే చాలు సార్, ఆయమ్మ కట్టుకున్న చీర కనపడతాది" అన్నాడు.

అప్పటినుంచి నిజంగానే నడిచాడు. వ్యాసర్పాడి నుంచి రేవుకు, రేవు నుంచి వ్యాసర్పాడికి. తెల్లవారకముందే బయలుదేరితే గాని పని వేళకు చేరలేకపోయేవాడు. "సైకిలుకు వాకింగ్ చేయిస్తున్నావా" అని రేవులోవాళ్లు నవ్వేవాళ్లట. ఎడమచేతి వాటం మనిషి కాబట్టి సైకిలుకు కుడి పక్కన నడిచేవాడు, అంటే రోడ్డు వైపు. దర్యాప్తు చేసేవాడికి ఇలాంటివి కంట పడతాయి. కంట పడినా, అది ఆపద అని అప్పటికి తట్టదు.

ఆదివారం సైకిళ్లు

ఆ రోజుల్లోనే నగరానికి దక్షిణాన ఒక హాల్లో సైకిలు దారుల గురించి సమావేశం జరిగింది. డిపార్టుమెంటు తరఫున ఎవరో ఒకరు వెళ్లాలని నన్ను పంపారు. అక్కడ శ్రీకాంత్ అనే అబ్బాయి పరిచయమయ్యాడు. విజయవాడవాడు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఖరీదైన సైకిలు. ఆదివారం పొద్దున స్నేహితులతో కలిసి సముద్రం పక్క రోడ్డు మీద తొక్కుతాడు.

"మాకు పెద్దగా ఏమీ వద్దండి అంకుల్. ఎడమ పక్కన ఒక గీత గీసి, అందులోకి వేరే బండి రాకుండా చూస్తే చాలండి" అన్నాడు. మంచి పిల్లవాడు. ప్లాట్‌ఫారం మాకు వద్దు, అది నడిచేవాళ్లది అని తనే అన్నాడు. ఆ మాటకే వాణ్ని నమ్మాను. సోమవారం పొద్దున హార్బరు రోడ్డుకు వచ్చి తొక్కి చూడమన్నాను.

వస్తాడని అనుకోలేదు. హెల్మెట్ పెట్టుకుని, వెనక మిణుకుమిణుకుమనే ఎర్ర దీపంతో వచ్చాడు. నేను మోటారుసైకిలు మీద వెనకాలే వెళ్లాను. లారీల వరస కదిలేదాకా బాగానే తొక్కాడు. కదిలాక, అతని భుజం ఎత్తున చక్రాలు పక్కనే తిరుగుతుంటే సైకిలు అటూఇటూ ఊగింది. కాలు కింద పెట్టి దిగిపోయాడు. హెల్మెట్ తీసి ముఖం తుడుచుకున్నాడు.

అప్పుడే మునిరత్నం మూటతో నెట్టుకుంటూ వచ్చాడు. నన్ను చూసి ఆగాడు. శ్రీకాంత్ ఆయన్ను అడిగాడు.

"మీరెందుకండీ తొక్కట్లేదు? ఇంత బరువు నెట్టుకుంటూ వెళ్తున్నారు."

మునిరత్నం అతన్ని, అతని సైకిలును చూశాడు. "నువ్వెందుకు దిగినావు బాబూ?" అన్నాడు.

శ్రీకాంత్ తన సైకిలును పక్కకు లాగి దారిచ్చాడు. ఆయన వెళ్లేదాకా అలాగే నిలబడ్డాడు. ఆ తర్వాత కొన్ని నెలలు నిజాయితీగా తిరిగాడు. ఆ రోడ్డుకు సైకిలు దారి కావాలని అర్జీలు పెట్టాడు. అది సరుకు రవాణా దారి, అక్కడ సైకిలు తొక్కేవాళ్లు లేరు అని జవాబొచ్చింది. ఆ తర్వాత అతనికి పుణె బదిలీ అయింది. వాళ్ల ఆదివారం రోడ్డుకు మాత్రం పచ్చరంగు గీత వచ్చింది. దాని మీద ఇప్పుడు కార్లు పార్కు చేస్తున్నారు.

ట్రెయిలరు ఎడమకు తిరిగితే

అల్లుడూ, ఇది నువ్వు బాగా వినాలి. పొడుగాటి ట్రెయిలరు లారీ ఎడమకు తిరిగేటప్పుడు ముందు చక్రాలు పోయిన దారిలో వెనక చక్రాలు పోవు. అవి లోపలికి, ప్లాట్‌ఫారం అంచుకు దగ్గరగా కోసుకుంటూ వస్తాయి. ముందుభాగం దాటిపోయింది కదా అని పక్కన నిలబడ్డ మనిషి ఊపిరి పీల్చుకుంటాడు. ప్రమాదం అప్పుడే మొదలవుతుంది. డ్రైవరుకు ఆ పక్క ఏమీ కనపడదు.

మునిరత్నం నడుస్తున్న చోట ప్లాట్‌ఫారం మీద కరెంటు పెట్టె ఉంది. దాన్ని దాటితే టీ బంకు, టీ తాగేవాళ్ల మోటారుసైకిళ్లు. మూటతో ఉన్న సైకిలును వాటి మధ్యనుంచి తీసుకెళ్లే సందు లేదు. రోడ్డు అంచుకు దిగాడు. ట్రెయిలరు మలుపు తిరిగింది. సైకిలు ఎడమకు, ఆపి ఉన్న మోటారుసైకిళ్ల మీదికి పడింది. హ్యాండిలు వంకరపోవడం తప్ప దానికేమీ కాలేదు. ఆయన రోడ్డు వైపు ఉన్నాడు.

నేను వెళ్లేసరికి ఎవరో వల మూట విప్పి ఆయన మీద కప్పారు. డ్రైవరు కుర్రవాడు అంచు మీద కూర్చుని, రెండు చేతుల్తో తల పట్టుకుని ఉన్నాడు. పారిపోలేదు. టేపు పట్టి కొలుస్తుంటే సెల్వరాజ్ వచ్చాడు.

"ఎవరు? సైకిలువాడా, నడిచేవాడా?" అని అడిగాడు. ప్రతి ప్రమాదంలోనూ ముందు అడిగేది అదే, ఏదో ఒకటి తేలాలి.

"మునిరత్నం సార్" అన్నాను.

సెల్వరాజ్‌కు పేరు గుర్తొచ్చింది. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. చాలాసేపు వల వైపు చూశాడు. "నేనే తోలించాను కదయ్యా వీళ్లను, అటూ ఇటూ" అన్నాడు. ఆ మాట గట్టిగా అనలేదు. మళ్లీ ఎప్పుడూ అనలేదు. తర్వాతి ఏడు స్వచ్ఛంద విరమణ తీసుకుని సేలం వెళ్లిపోయాడు.

తీర్పు చెప్పమంటే

నా తీర్పు నేను చెబుతాను. ప్లాట్‌ఫారం నడిచేవాళ్లది. రాజమ్మలాంటి చెవిటి మనిషి వెనక్కి తిరిగి చూడాల్సిన పని లేకుండా నడిచే చోటు ఊరు మొత్తానికి అదొక్కటే. దాని మీదికి సైకిలును ఎక్కించడమంటే బలహీనుడి భయాన్ని ఇంకా బలహీనుడి మీదికి తొయ్యడం. సైకిలు రోడ్డుది. కానీ రోడ్డును పెద్ద చక్రాలకు రాసిచ్చేసి, ఆ తర్వాత సైకిలువాణ్ని నీ హక్కు నువ్వు వాడుకో అనడం న్యాయం కాదు. ఆ దారి మీద లారీలను రద్దీ వేళల్లో ఆపమని నేనూ రాశాను, నాకంటే ముందువాళ్లూ రాశారు. ఓడలు ఆగవు అన్నారు. ఇది మారుతుందని నీకు చెప్పలేను. నా కాలంలో మారలేదు.

కొత్తగా వచ్చినవాళ్లకు ఒక్కటే చెప్పగలను. రోడ్డు మీద మనిషి పడి ఉంటే, పక్కనున్న ప్లాట్‌ఫారం కూడా చూడండి. ఆ మనిషి దాని మీద ఎందుకు లేడో కనుక్కోండి. పై అధికారి అడగడు. మీరు అడగండి.

లత

వ్యాసర్పాడిలో ఆ ఇంటి తలుపు కొట్టింది నేనే. భార్య అప్పడాలు ఎండబెడుతోంది. నన్ను చూసి, "కేసు విషయమా సార్? ఆయన పనికి పోయినాడే" అంది. చెప్పాను. ఆమె అప్పడం చేత్తో పట్టుకుని అలాగే కూర్చుంది. లోపలనుంచి లత వచ్చి తల్లి చేతిలోంచి దాన్ని తీసుకుని చాప మీద పెట్టింది. ఆ తర్వాతే ఏడ్చింది.

కోర్టు అనుమతి వచ్చాక సైకిలు తీసుకెళ్లడానికి ఆ పిల్లే స్టేషనుకు వచ్చింది. ఇరవై దాటి ఉంటాయి. రాయపురంలో ఒక మందుల షాపులో పనిచేస్తుంది. స్టేషను వెనక, పట్టుకున్న బండ్ల మధ్య సైకిలు ఆనించి ఉంది. హ్యాండిలు మేమే సరిచేయించాం.

"ఆటో మాట్లాడనా అమ్మా, ఇంటిదాకా ఏసుకుపోతాడు" అన్నాను.

"ఒద్దు సార్. ఇట్లే పనికి పోతా."

"ఎవరు తొక్కేది?"

"నేనే సార్. షేర్ ఆటో ఇంక కుదరదు. అమ్మ అప్పడాలు వత్తేది లేదు ఇప్పుడు." తమిళంలోకి జారి మళ్లీ తెలుగులోకి వచ్చింది. "సీటు కొంచెం దించేదానికి స్పానర్ ఉంటే ఇస్తారా?"

మెకానిక్కు దగ్గర తెచ్చి ఇచ్చాను. నట్టు తుప్పు పట్టి ఉంది. నేను తిప్పుతానన్నా వినలేదు, రెండు చేతులతో తనే తిప్పింది. సీటు బాగా కిందికి దించి, బిగించి, చేత్తో ఒకసారి నొక్కి చూసింది. చున్నీని నడుముకు కట్టుకుంది.

వద్దమ్మా అనాలనుంది. మరి ఎలా వెళ్లాలో చెప్పగలిగితే కదా అనడానికి. "జాగ్రత్తమ్మా" అన్నాను.

"సరి సార్" అంది.

గేటు దాకా నెట్టుకుంటూ వెళ్లి, రోడ్డు మీద కాసేపు ఆగి, అటూ ఇటూ చూసి ఎక్కింది. మొదట కొంచెం తూలింది, తర్వాత నిలదొక్కుకుంది. ఎడమ పక్కనే, అంచుకు ఆనుకునే పోయింది. నేను గేటు దగ్గరే నిలబడి చూశాను. ఒక బస్సు వచ్చి మధ్యలో అడ్డం పడింది. దాని వెనకే ఒక లారీ వచ్చింది. రెండూ దాటిపోయాక రోడ్డు మీద ఆ పిల్ల కనిపించలేదు. మలుపు తిరిగిపోయి ఉంటుందనుకుని లోపలికి వచ్చి కూర్చున్నాను. బల్ల మీద ఫోను మోగుతుంటే, ఏ ప్రమాదం కబురో అని, తియ్యడానికి చాలాసేపు పట్టింది.